అప్‌డేట్ దెబ్బకి కంప్యూటర్ లేవకపోతే: ఫార్మాట్‌కి ముందున్న దారులు, వాటి బాగోగులు

రాత్రి "అప్‌డేట్ అండ్ షట్‌డౌన్" నొక్కి పడుకుంటాం. పొద్దున్న ఆన్ చేస్తే చుక్కలు గిర్రున తిరుగుతూనే ఉంటాయి. లేదంటే నీలి తెర, లేదంటే అసలేమీ లేని నల్ల తెర. విజయనగరంలో ఇలాంటప్పుడు ఎవరిని అడిగినా ఒకటే మాట: "షాపుకి తీసుకెళ్లి ఫార్మాట్ కొట్టించెయ్." కొన్ని వందల రూపాయలతో, సాయంత్రానికల్లా అయిపోయే పని కాబట్టి షాపుల్లో కూడా ముందు అదే చెబుతారు. కానీ ఫార్మాట్ అంటే డిస్కు చెరిపేసి విండోస్ కొత్తగా వేయడం. ఉన్న దారులన్నింట్లో ఫైళ్లతో సహా అన్నీ పోయి, వెనక్కి రాలేనిది అదొక్కటే. మిగతావి చేసి చూసి, కుదరకపోతే ఫార్మాట్‌కి ఎప్పుడైనా రావచ్చు. ఫార్మాట్ అయిపోయాక మిగతావాటికి వెళ్లడానికి ఏమీ మిగలదు. అందుకే ఈ దారుల్ని ఖర్చు వరసలోనో, తేలిక వరసలోనో కాకుండా, ఏది ఎంతవరకు వెనక్కి తీసుకోవచ్చో ఆ వరసలో చూద్దాం.

గంటస్తంభం దగ్గర ఒక రిపేరు షాపు కౌంటర్లో విన్న మాటలివి. ఒక రిటైర్డు మాస్టారు సీపీయూ డబ్బా ఒళ్లో పెట్టుకుని ఆటోలో తెచ్చారు.

"ఏటైంది మాస్టారూ?"

"నిన్న రాత్రి అప్‌డేట్ అయింది బాబూ. పొద్దుట్నుంచి అలా తిరుగుతూనే ఉంది."

"ఏటీ లేదు, ఫార్మాట్ కొట్టేద్దాం. సి డ్రైవ్‌లో ఏటైనా ఉందా?"

"సి లో ఏమీ లేదు. అన్నీ డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి."

ఆ కుర్రాడు తెలివైనవాడు కాబట్టి స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. డెస్క్‌టాప్ ఉండేదే సి డ్రైవ్‌లో. డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ కూడా అక్కడే. ఫార్మాట్ అయ్యాక "నా ఫోటోలేవి" అని వచ్చేవాళ్లలో చాలామంది అబద్ధం చెప్పినవాళ్లు కాదు, ఈ సంగతి తెలియనివాళ్లు.

ముందు, తప్పు అప్‌డేట్‌దేనా

అప్‌డేట్ తర్వాత చెడింది కాబట్టి అప్‌డేట్ వల్లే చెడిందనుకుంటాం. ఒక్కోసారి అది కాకతాళీయం. అప్‌డేట్ అంటే డిస్కు మీద గిగాబైట్ల కొద్దీ రాయడం, రెండు మూడుసార్లు రీస్టార్ట్ కావడం. అప్పటికే కొన ఊపిరితో ఉన్న హార్డ్‌డిస్క్ ఆ పనిలోనే ప్రాణం వదులుతుంది. సీపీయూ లోంచి టిక్కు టిక్కుమని చప్పుడొస్తున్నా, కంపెనీ లోగో కూడా కనబడకుండా బీప్ శబ్దాలు వస్తున్నా, విండోస్ దాకా పోనక్కర్లేదు. మన వైపు ఉప్పుగాలికి, తేమకి ర్యామ్ కాళ్లు నల్లబడడం మామూలే. తీసి, పిల్లల రబ్బరుతో రుద్ది, మళ్లీ గట్టిగా నొక్కి పెడితే లేచే కంప్యూటర్లు ఎన్నో ఉన్నాయి. లోగో వచ్చి, చుక్కలు తిరిగి, ఆ తర్వాత ఆగిపోతోందంటే అప్పుడు అప్‌డేట్‌ని అనుమానించవచ్చు.

ఇంకొకటి: అది నిజంగా ఆగిపోయిందా, ఇంకా పని చేస్తోందా? పాత హార్డ్‌డిస్క్ ఉన్న మెషిన్లో పెద్ద అప్‌డేట్ గంటలకొద్దీ పట్టొచ్చు. ముప్పై శాతం దగ్గర అరగంట నిలబడిందని స్విచ్ కట్టేస్తే, బాగున్నదాన్ని మన చేత్తో మనమే చెడగొట్టినట్టు. సీపీయూ మీద చిన్న లైటు మిణుకుమిణుకుమంటోందా చూడండి. అంటూ ఉంటే వదిలేసి వంట పని చూసుకోండి. మూడు నాలుగు గంటలు గడిచినా అంకె కదలక, లైటు కూడా చచ్చుబడితే అప్పుడు ఆపండి.

మొదటి దారి: అప్‌డేట్‌ని వెనక్కి తీయడం

ఖర్చు లేదు, ఫైళ్లకి ముప్పు లేదు, పెన్‌డ్రైవ్ అక్కర్లేదు. అయినా దీన్ని వాడేవాళ్లు తక్కువ, ఎందుకంటే లోపలికి వెళ్లే తలుపు ఎవరికీ కనబడదు. ఆన్ చేసి, లోగో వచ్చి చుక్కలు తిరగడం మొదలవగానే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయండి. ఇలా రెండుసార్లు చేసి మూడోసారి వదిలేస్తే "ప్రిపేరింగ్ ఆటోమేటిక్ రిపేర్" అని వచ్చి, నీలి రంగు మెనూ తెరుచుకుంటుంది. అందులో ట్రబుల్‌షూట్, దాని లోపల అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్. అక్కడే ఉంది "అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్".

దాన్ని నొక్కితే రెండు పేర్లు కనిపిస్తాయి. క్వాలిటీ అప్‌డేట్ అంటే నెలనెలా వచ్చేది. అమెరికాలో నెలలో రెండో మంగళవారం వదులుతారు, మనకి ఆ రాత్రి పదిన్నర దాటాక. ఫీచర్ అప్‌డేట్ అంటే ఏడాదికొకసారి వచ్చే పెద్దది. నిన్న మొన్న బాగుండి ఇవాళ చెడితే ముందు క్వాలిటీ అప్‌డేట్‌ని తీసి చూడండి. పెద్దది పడ్డాక చెడితే ఫీచర్ అప్‌డేట్‌ని తీయాలి. దానికి మామూలుగా పది రోజులే గడువు, ఆ తర్వాత పాత విండోస్‌ని సిస్టమే చెరిపేస్తుంది. కాబట్టి "వచ్చే నెల జీతాలొచ్చాక చూపిద్దాంలే" అని బల్ల కింద పెట్టేస్తే ఈ తలుపు మూసుకుపోవచ్చు. అలాగే స్థలం చాలట్లేదని ఎవరైనా డిస్క్ క్లీనప్‌లో "ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్" చెరిపేసి ఉంటే అదింక లేనట్టే.

అదే మెనూలో స్టార్టప్ రిపేర్ కూడా ఉంటుంది. ఒక్కసారి నడపండి. చాలాసార్లు "రిపేర్ చేయలేకపోయాం" అనే అంటుంది, అన్నాక పదేపదే నడపడం వల్ల ఒరిగేది లేదు. సిస్టమ్ రీస్టోర్ దానికన్నా నయం, అయితే రీస్టోర్ పాయింట్ ఉంటేనే. చాలా ఇళ్ల కంప్యూటర్లలో అది ఆన్ చేసే ఉండదు. ఉంటే మాత్రం వాడండి. మీ ఫైళ్ల జోలికి పోదు, ఆ తేదీ తర్వాత వేసిన ప్రోగ్రాములు, డ్రైవర్లు మాత్రం పోతాయి.

ఇక సేఫ్ మోడ్. స్టార్టప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి రీస్టార్ట్ అయ్యాక 4 నొక్కితే వస్తుంది. తప్పు విండోస్‌ది కాకుండా గ్రాఫిక్స్ డ్రైవర్‌దో యాంటీవైరస్‌దో అయితే ఇక్కడికొచ్చి తీసేయొచ్చు. 2024 జులై 19న ప్రపంచమంతా విమానాలు, ఆసుపత్రులు, బ్యాంకులు ఆగిపోయింది గుర్తుండే ఉంటుంది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ వదిలిన ఒక చెడ్డ అప్‌డేట్‌కి దాదాపు 85 లక్షల విండోస్ మెషిన్లు నీలి తెర చూపించాయి. అది ఆఫీసుల్లో వాడే సాఫ్ట్‌వేర్ కాబట్టి మన ఇళ్లకి రాలేదు. చెప్పొచ్చేదేమిటంటే, వాటికి ఫార్మాట్ కొట్టనక్కర్లేకపోయింది. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక్క ఫైలు చెరిపి రీస్టార్ట్ చేయడమే విరుగుడు. పెద్ద పెద్ద సంస్థలే ఆ పని చేసి గట్టెక్కాయి.

ఈ దారికి ఒకసారి ఒక అడ్డంకి వచ్చింది, విచిత్రంగా అప్పుడు మెషిన్ పాతది కావడమే మేలైంది. 2025 అక్టోబర్ 14న విండోస్ 11కి వచ్చిన కేబీ5066835 అప్‌డేట్ తర్వాత ఈ నీలి మెనూలో యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పనిచేయడం మానేశాయి. మెనూ కనబడుతుంది, బాణం కదలదు. మామూలు విండోస్‌లో రెండూ బాగానే ఉంటాయి! అక్టోబర్ 20న దాన్ని సరిచేస్తూ ఇంకో అప్‌డేట్ ఇచ్చారు. అది అందని మెషిన్‌కి మాత్రం ఊదా రంగు గుండ్రటి పిన్ను ఉండే పాతకాలం పీఎస్‌2 కీబోర్డు పనికొచ్చింది. అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్ వెనక ఆ గుండ్రటి సాకెట్ ఉందేమో చూసుకోండి. పాత సామాన్ల షాపుల్లో అలాంటి కీబోర్డులు ఇంకా దొరుకుతాయి.

48 అంకెలు అడిగితే

మెనూలోకి వెళ్తుంటేనో, అసలు ఆన్ అవుతూనో "బిట్‌లాకర్ రికవరీ కీ ఎంటర్ చేయండి" అని వస్తే కంగారు పడి ఏదీ నొక్కకండి. కొత్త లాప్‌టాప్‌లలో డిస్కు మొత్తం తాళం వేసే ఉంటుంది, మనకి తెలియకుండానే. 2024 జులై నెలవారీ అప్‌డేట్ తర్వాత చాలా మెషిన్లు ఉన్నట్టుండి ఇలా తాళంచెవి అడిగాయి. ఆ కీ 48 అంకెలు. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి ఫోన్లోంచి లాగిన్ అయి, డివైసెస్ పేజీలో రికవరీ కీస్ చూస్తే అక్కడ ఉంటుంది. తెర మీద చూపే కీ ఐడీ మొదటి అక్షరాలు, పేజీలో ఉన్నవి ఒకటేనా అని సరిపోల్చుకోవాలి.

అసలు చిక్కు ఇక్కడే. లాప్‌టాప్ కొన్న రోజు షాపులో కుర్రాడు "మీ మెయిల్ పాస్‌వర్డ్ గుర్తులేదా, పర్లేదు" అని తన మెయిల్‌తోనే సెటప్ చేసి ఇచ్చి ఉంటే, మీ ఇంటి తాళంచెవి అతని అకౌంట్‌లో ఉంటుంది. బిల్లు మీద షాపు నంబరుంటే ముందు అక్కడికి ఫోన్ చేయండి. కాలేజీ మెయిల్‌తో లాగిన్ అయిన పిల్లల లాప్‌టాప్ అయితే కీ కాలేజీ ఐటీ వాళ్ల దగ్గర ఉండొచ్చు. కీ ఎక్కడా దొరక్కపోతే ఆ డిస్కులో ఉన్నది మైక్రోసాఫ్ట్ కూడా తీసివ్వలేదు. "డబ్బులిస్తే తీసిపెడతాం" అనేవాళ్లని నమ్మకండి. అప్పుడు మిగిలేది ఫార్మాటే, ఫైళ్లు పోయాయనుకుని చేసేది. కంప్యూటర్ ఇప్పుడు బాగున్నవాళ్లు ఈ పేరా చదివిన వెంటనే ఆ కీ ఒక కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో పాటు పెట్టుకుంటే మంచిది.

రెండో దారి: ఉన్నదాని మీదే మళ్లీ విండోస్ వేయడం

ఇది నాకు అన్నింటికన్నా నచ్చే దారి, కానీ కంప్యూటర్ కుంటుతూ అయినా నడుస్తుంటేనే. విండోస్ తెరుచుకుంటుంది, కానీ స్టార్ట్ మెనూ రాదు, వైఫై పోయింది, ప్రతి అప్‌డేట్ సగంలో ఫెయిల్ అవుతోంది, అలాంటి మెషిన్లకి. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలోకి వెళ్తే "ఫిక్స్ ప్రాబ్లమ్స్ యూజింగ్ విండోస్ అప్‌డేట్" అని ఉంటుంది. ఫైళ్లు, ప్రోగ్రాములు, సెట్టింగులు అన్నీ ఉంచి విండోస్ ఒక్కటే మళ్లీ వేసుకుంటుంది. అది లేని మెషిన్లో మైక్రోసాఫ్ట్ సైటు నుంచి ఐఎస్‌ఓ (విండోస్ మొత్తం ఉండే ఒకే పెద్ద ఫైలు) దించి, దాన్ని తెరిచి లోపలి సెటప్ నడిపితే అదే ఫలితం. నడుస్తున్న విండోస్ లోంచే నడపాలి. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే "ప్రోగ్రాములు ఉంచు" అనే వీలు రాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు.

దీన్ని ఎందుకంత మెచ్చుకుంటున్నానంటే, మన ఊళ్లో ఇంటి దగ్గర కంప్యూటర్ పెట్టుకుని నాలుగు రాళ్లు సంపాదించేవాళ్లలో డీటీపీ, టాలీ వాళ్లే ఎక్కువ. శుభలేఖలు కొట్టే వ్యక్తి మెషిన్లో తెలుగు టైపింగుకి అను స్క్రిప్ట్, దానికి అలవాటైన కీబోర్డు లేఅవుట్, ఏళ్లుగా పోగేసుకున్న ఫాంట్లు, పాత పేజ్‌మేకర్ ఉంటాయి. అకౌంట్లు రాసే వ్యక్తి దగ్గర టాలీ లైసెన్సు, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ డ్రైవరు. ఫార్మాట్ కొడితే విండోస్ ఒక గంటలో వస్తుంది, ఇవన్నీ మునుపటిలా కూర్చోవడానికి వారం పడుతుంది. టాలీ మళ్లీ యాక్టివేట్ చేయాలి, పాత సీడీ ఎక్కడుందో వెతకాలి, ఫాంటు ఒకటి తక్కువైతే నిన్నటి శుభలేఖ ఇవాళ గజిబిజిగా తెరుచుకుంటుంది. అలాంటి మెషిన్‌కి ఈ దారి కోసం ఒక రాత్రి ఖర్చు పెట్టడం లాభమే.

ఖర్చు మాత్రం డేటా రూపంలో ఉంటుంది. ఐఎస్‌ఓ అయిదు గిగాబైట్లు దాటుతుంది. రోజుకి రెండు జీబీల ఫోన్ ప్యాక్ మీద హాట్‌స్పాట్ పెట్టి దించితే మధ్యలో నత్తనడక అవుతుంది. ఫైబర్ కనెక్షన్ ఉన్న చుట్టాలింట్లో దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవడం తేలిక.

మూడో దారి: రీసెట్

రీసెట్ దిస్ పీసీలో "కీప్ మై ఫైల్స్" అనే పేరు చూసి అంతా ఉంటుందనుకుంటారు. ఉండేవి డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ లాంటి సొంత ఫోల్డర్లలోని ఫైళ్లు. మనం వేసుకున్న ప్రోగ్రాములన్నీ పోతాయి, వాటి పేర్ల జాబితా ఒకటి డెస్క్‌టాప్ మీద పెట్టి వెళ్తుంది. సి డ్రైవ్‌లో విడిగా ఫోల్డర్ చేసి పెట్టుకున్న వాటికి పూచీ లేదు, కాబట్టి టాలీ డేటా ఏ ఫోల్డర్లో ఉందో చూడకుండా దీన్ని నొక్కొద్దు.

ఇంటర్నెట్, సినిమాలు, పిల్లల ప్రాజెక్టులు తప్ప వేరే పని లేని కంప్యూటర్‌కి ఇది చాలు, లేవకపోయినా నీలి మెనూ లోంచే చేయొచ్చు. లోకల్, క్లౌడ్ అని రెండు రకాలు అడుగుతుంది. మెషిన్లో ఉన్న విండోస్ ఫైళ్లే చెడి ఉంటే లోకల్ మళ్లీ ఆ చెడ్డవాటితోనే కడుతుంది, నాలుగు గిగాబైట్లకి పైగా డేటా ఉంటే క్లౌడే మేలు. కరెంటు నమ్మకం లేని రోజు మాత్రం మొదలెట్టకండి. సగంలో ఆగిన రీసెట్ మెషిన్‌ని ఎటూ కాకుండా చేస్తుంది.

నాలుగో దారి: ఫార్మాట్

ఫార్మాట్ చెడ్డదేమీ కాదు. ఏళ్ల తరబడి చెత్త పేరుకుపోయిన మెషిన్‌కి, వైరస్ పట్టినదానికి, పై దారులన్నీ విఫలమైనదానికి ఇదే సరైనది. ముందు ఫైళ్లు బయటికి తీయాలి, అంతే.

లేవని కంప్యూటర్ నుంచి ఫైళ్లు తీయడానికి రెండు పద్ధతులున్నాయి. విండోస్ బదులు వాడే ఉచిత లైనక్స్ రకాలైన లైనక్స్ మింట్‌నో ఉబుంటునో ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి, దాంతో బూట్ చేస్తే (ఉబుంటులో అయితే "ట్రై" అని నొక్కితే) డిస్కులో ఏమీ వేయకుండానే పూర్తి డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది. మీ సి డ్రైవ్ అందులో మామూలు ఫోల్డర్‌లా కనబడుతుంది. యూజర్స్, దాని లోపల మీ పేరు. అక్కడి నుంచి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోవడమే. బిట్‌లాకర్ ఉంటే ఇక్కడా ఆ 48 అంకెలూ కావాలి. రెండోది, డిస్కు విప్పి యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టి ఇంకో కంప్యూటర్‌కి తగిలించడం. షాపు వాళ్లకి అయిదు నిమిషాల పని, మీరు అడిగితే చేస్తారు. అడగండి.

షాపులో చెప్పేటప్పుడు "సి మాత్రమే, డి ముట్టుకోవద్దు" అని చెబితే సరిపోతుందనుకోకండి. సెటప్‌లో పార్టిషన్లన్నీ డిలీట్ చేసి కొత్తగా వేసే అలవాటు కొందరికుంది, అప్పుడు డి కూడా పోతుంది. కొత్త లాప్‌టాప్‌లో అసలు డి ఉండకపోవచ్చు. ముఖ్యమైనవి బయటి డిస్కులోకి వెళ్లాయని మీ కళ్లతో, నాలుగు ఫోటోలు తెరిచి చూశాకే సరే అనండి.

విండోస్‌కి వేరే డబ్బులడిగితే ఒక్క క్షణం ఆగండి. అసలు విండోస్‌తో వచ్చిన లాప్‌టాప్ అయితే లైసెన్సు మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది. అదే ఎడిషన్ మళ్లీ వేసి నెట్ తగిలిస్తే తనంతట తనే యాక్టివేట్ అవుతుంది, కీ కొననక్కర్లేదు. అసెంబుల్డ్ మెషిన్‌కి మొదట్నుంచీ లైసెన్సు లేని క్రాక్ విండోసే ఉంటే అది వేరే కథ. ఆ క్రాకే అప్‌డేట్లతో గొడవపడి కంప్యూటర్‌ని పడేసే సందర్భాలూ ఉంటాయి.

ఫార్మాట్ అయిన కొత్తలో వైఫై కనబడకపోతే భయపడకండి. ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది, డ్రైవర్లు అవే దిగుతాయి.

ఎక్కడ చేయించాలి

వారంటీ ఉన్న లాప్‌టాప్‌ని కంపెనీ సర్వీసుకే ఇవ్వండి, కానీ ఫైళ్లు తీశాకే. వారంటీ యంత్రానికి, ఫైళ్లకి కాదు. వాళ్లు కొత్తగా విండోస్ వేసి ఇచ్చేస్తారు, అడిగినా మీ ఫోటోలకి జవాబుదారీ ఉండరు. వారంటీ అయిపోయిన మామూలు కంప్యూటర్‌కి మన ఊరి షాపు చాలు. రాజాం నుంచో బొబ్బిలి నుంచో డబ్బా మోసుకుని విజయనగరం రావడం కూడా ఈ పనికి దండగే, అక్కడి షాపుల్లోనూ ఇదే చేస్తారు.

విశాఖ ద్వారకానగర్ దాకా వెళ్లాల్సిన సందర్భాలు రెండే. ఒకటి, డిస్కు నిజంగానే పాడై లోపల పోగొట్టుకోలేనివి ఉన్నప్పుడు. రెండు, బయోస్ అప్‌డేట్ సగంలో కరెంటు పోయి మదర్‌బోర్డు చచ్చినప్పుడు. ఈ రెండోదాని గురించి కాస్త చెప్పాలి. బయోస్ లేదా ఫర్మ్‌వేర్ అంటే మదర్‌బోర్డు చిప్‌లో ఉండి, విండోస్ కన్నా ముందు లేచే ప్రోగ్రాం. దాని అప్‌డేట్ ఇప్పుడు చాలా మెషిన్లకి విండోస్ అప్‌డేట్‌తో కలిసే వస్తోంది. పై దారులేవీ దానికి పనిచేయవు, తెరే రాదు కదా. చిప్‌ని మళ్లీ ప్రోగ్రాం చేయగలిగినవాళ్లు కావాలి. మన వైపు అక్టోబర్, నవంబర్ నెలలు తుఫాన్లవి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ వచ్చినప్పుడు కరెంటు ఎన్నాళ్లకి వచ్చిందో ఇక్కడివాళ్లకి చెప్పనక్కర్లేదు. వాయుగుండం అన్న మాట వార్తల్లో వినబడిన వారం డెస్క్‌టాప్‌లో ఏ ఫర్మ్‌వేర్ అప్‌డేటూ ఒప్పుకోవద్దు. బ్యాటరీ చచ్చిన యూపీఎస్‌ని యూపీఎస్ కింద లెక్క వేయొద్దు.

తిత్లీ వచ్చిన ఆ అక్టోబర్లోనే ఇంకో సంగతి జరిగింది. అక్టోబర్ 2న మైక్రోసాఫ్ట్ వదిలిన విండోస్ 10 పెద్ద అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లనే చెరిపేసింది. కొద్ది రోజుల్లోనే దాన్ని ఆపేసి, సరిచేసి నవంబర్ 13న మళ్లీ ఇచ్చారు. తొందరపడి మొదటి రోజుల్లోనే దించుకున్నవాళ్లకే ఆ దెబ్బ.

ఫోన్లో "మైక్రోసాఫ్ట్ హెల్ప్‌లైన్" అని వెతికి దొరికిన నంబరుకి మాత్రం చేయొద్దు. మన తెరని వాళ్ల చేతికిచ్చే ఎనీడెస్క్ వేయమంటారు, ఆ తర్వాత ఓటీపీ అడుగుతారు. అసలైన నీలి తెర మీద ఫోన్ నంబరుండదు, ఉంటే అది మోసం. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

పూర్తిగా మారిపోవడం

"ఈ అప్‌డేట్ల గోలే వద్దు, లైనక్స్ వేసేయ్" అనే మేనల్లుడు ప్రతి ఇంట్లో ఒకడుంటాడు. అతని మాట కొన్ని ఇళ్లకి నిజంగా సరైనదే. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి, నమోదు చేసుకున్న ఇళ్ల కంప్యూటర్లకి భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ సదుపాయం కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచి మొదలు. అది లేని మంచి కంప్యూటర్లో అప్‌డేట్ చెడితే, అదే విండోస్ 10ని మళ్లీ కష్టపడి నిలబెట్టే బదులు లైనక్స్ మింట్ వేయడం నాకు సబబనిపిస్తుంది. బ్రౌజరు, యూట్యూబు, మెయిలు, ప్రభుత్వ సైట్లు, యూనికోడ్ తెలుగు టైపింగు అన్నీ నడుస్తాయి. అప్‌డేట్లు అక్కడా చెడతాయి, కాకపోతే టైమ్‌షిఫ్ట్ అనే సదుపాయం ముందే ఆన్ చేసుకుంటే నిన్నటి స్థితికి తీసుకెళ్లొచ్చు.

అను స్క్రిప్ట్, పేజ్‌మేకర్, టాలీ మీద బతికేవాళ్లకి మాత్రం లైనక్స్ వద్దు. అవి దాని మీద నేరుగా నడవవు. వాళ్లకి ఖర్చు పెట్టదగ్గది వేరే ఉంది. ఇంకా పాత హార్డ్‌డిస్క్ మీదే నడుస్తుంటే వేగంగా నడిచే కొత్త రకం డిస్కు ఎస్‌ఎస్‌డీ వేయించి, తీసిన పాత డిస్కుని ఫార్మాట్ చేయకుండా అలాగే కేసింగ్‌లో పెట్టుకోండి. కొత్త విండోస్ కొత్త డిస్కు మీద పడుతుంది, పాత ఫైళ్లు పాత డిస్కు మీద చెక్కుచెదరకుండా ఉంటాయి. ఫార్మాట్ తప్పనిసరైన ఇంటికి నేను చెప్పేది ఎప్పుడూ ఇదే. వెనక్కి రాలేని దారికి ఇలా ఒక వెనుక గుమ్మం దొరుకుతుంది.

లేచాక

వెనక్కి తీసిన అప్‌డేట్ ఊరుకోదు, మర్నాడే మళ్లీ దిగుతుంది. అందుకే విండోస్ తెరుచుకోగానే మొదటి పని సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్‌కి వెళ్లి పాజ్ నొక్కడం. విండోస్ 11లో అయిదు వారాల దాకా ఆపొచ్చు, ఈలోగా సరిచేసిన అప్‌డేట్ సాధారణంగా వచ్చేస్తుంది. శాశ్వతంగా ఆపేసే సాఫ్ట్‌వేర్లు ఎవరైనా ఇస్తామంటే వద్దనండి, భద్రతా లొసుగులన్నీ తెరిచే ఉంటాయి.

పని మీద ఆధారపడ్డవాళ్లు పాజ్‌ని చెడక ముందే వాడుకోవచ్చు. శుభలేఖల సీజను, జీఎస్టీ రిటర్నుల గడువు, పిల్లల ఆన్‌లైన్ దరఖాస్తుల ఆఖరి వారం, పైడితల్లమ్మ పండుగకి ఫ్లెక్సీలు, కరపత్రాల ఆర్డర్లు ముంచెత్తే రోజులు. ఆ పండుగలో సిరిమాను తిరిగేదీ మంగళవారమే, నెలవారీ అప్‌డేట్ వదిలేదీ మంగళవారమే. ఆ వారానికి ముందు ఆదివారం పాజ్ నొక్కేసి, ఆర్డర్లన్నీ ఇచ్చేశాక వచ్చే ఆదివారం పొద్దున్నే, కరెంటు ఉండగా, బ్యాకప్ తీసి అప్‌డేట్ చేసుకోండి.